మాంటిచెల్లో గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది, తీరిగ్గా చదివాను. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌ని, ఆ పదవి సంగతి పక్కనబెట్టి, ఇళ్లూ విశ్వవిద్యాలయమూ గీసి కట్టించిన మనిషిగా పరిచయం చెయ్యాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. తన సమాధి మీద చెక్కమని ఆయన రాసిపెట్టుకున్న మూడు పనుల్లో వర్జీనియా విశ్వవిద్యాలయం ఉంది, అధ్యక్ష పదవి లేదు. ఇంత మంచి సంగతిని చివరి పేజీలో ఎక్కడో పడేశావు. దాన్ని ముందుకు తీసుకురా.

నాకు అడ్డుతగిలింది నీ వరస. వర్జీనియాలో ఆయన సొంత ఇల్లు మాంటిచెల్లో, పారిస్, ఆయన మరో ఇల్లు పాప్లర్ ఫారెస్ట్, విశ్వవిద్యాలయం అని ఏళ్ల ప్రకారం పేర్చుకుంటూ పోయావు. తేదీల్లో తప్పు లేదు. కానీ ఒకదాని తర్వాత ఇంకొకటి ఎందుకొచ్చిందో చదివేవాళ్లకు అందదు. కట్టడాలు కట్టినవాడి జీవితం రాసేటప్పుడు అతన్ని జీవితాంతం వదలని చిక్కు ఏమిటో ముందు పట్టుకోవాలి. అది దొరికితే ఏది ముందు, ఏది వెనక అన్నది దానంతటదే తేలుతుంది.

జెఫర్సన్ చిక్కు నాకైతే స్పష్టంగానే కనిపిస్తోంది. ఆయనకు గురువు ఒక పుస్తకం, పదహారో శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో రాసింది. పల్లాడియో కట్టిన విల్లాలు, అంటే పల్లెపట్టు భవంతులు, జెఫర్సన్ తన కళ్లతో చూడలేదు. 1787లో ఇటలీ ఉత్తర భాగం తిరిగాడు కానీ పల్లాడియో కట్టడాలున్న విచెన్జా దాకా పోలేదు, రోము అసలే చూడలేదు. కాగితం మీది ఆ కొలతల్ని తీసుకుని వర్జీనియా ఇటుకతో, కర్రతో, గచ్చుతో నిలబెట్టాలి. విశ్వవిద్యాలయంలో పెవిలియన్ల, అంటే ఆచార్యుల భవనాల, ముందున్న తెల్లటి స్తంభాలు రాతివి కావు, ఇటుక కట్టి గచ్చు పూసినవి. ఇలాంటిది ఒక్కటి చూపిస్తే చాలు, ‘నియోక్లాసికల్ శైలి’ (పాత గ్రీకు, రోమన్ తీరు) అని పేజీపేజీకీ చెప్పాల్సిన పని ఉండదు.

మాంటిచెల్లో దగ్గర ఇంకాస్త ఆగు. పారిస్‌లో ఉన్నప్పుడు ఓటెల్ ద సామ్ అనే భవనం ఆయన మనసు దోచింది. తిరిగొచ్చాక, 1796 నుంచి, అప్పటికే ఉన్న తన ఇంటి పై అంతస్తు విప్పించి మళ్లీ కట్టించాడు. లోపల మూడంతస్తులున్నా బయటికి ఒకే అంతస్తులా కనబడాలన్నది పట్టుదల. అందుకోసం రెండో అంతస్తు కిటికీలను గది నేలకు ఆనించి పెట్టించాడు. బయట నిలబడి చూస్తే కింది కిటికీ, పై కిటికీ కలిసిపోయి ఒకటే పొడుగాటి కిటికీ అనిపిస్తుంది. పైగదిలో ఉండేవాళ్లకు మాత్రం వెలుతురు కాళ్ల దగ్గరినుంచి వస్తుంది. ఆయన అందానికి ఎంత విలువ ఇచ్చాడో, దానికోసం ఎవరిని సర్దుకోమన్నాడో ఆ కిటికీలోనే ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

పాప్లర్ ఫారెస్ట్ అష్టకోణాల ఇల్లు. దానికి ఒక పేరా చాలు.

విశ్వవిద్యాలయాన్ని వేరే అధ్యాయం చెయ్యకు. ఆయన జీవితంలో ఎక్కువగా గీసింది విల్లాలే, అక్కడా గీసింది విల్లాలే. పచ్చికకు ఈ పక్క అయిదు, ఆ పక్క అయిదు పెవిలియన్లు. ఒక్కొక్కటీ ఒక్కో తీరు, ఎందుకంటే వాస్తుశిల్పం చెప్పే అధ్యాపకుడికి అవే నమూనాలుగా పనికి రావాలి. కింద పాఠం, పైన ఆచార్యుడి కాపురం, మధ్యమధ్యలో విద్యార్థుల గదులు. వీటన్నిటికీ తలమానికంగా రోటండా అనే గుండ్రటి భవనం. అది రోములోని పాంథియన్ అనే ప్రాచీన ఆలయానికి సగం వ్యాసంతో కట్టిన గుమ్మటం, దాని కింద గ్రంథాలయం. చర్చి ఉండాల్సిన చోట పుస్తకాలు పెట్టాడాయన. అయితే మధ్యలో ఒక పెద్ద కట్టడం ఉండాలని 1817లో ఉత్తరం రాసి సూచించింది లాట్రోబ్ అనే వాస్తుశిల్పి. ఆ మాట తప్పకుండా రాయి. ఇంకొకరి ఆలోచనను అందుకుని తనదిగా పెంచగలగడం కూడా ఆయన ప్రతిభే.

విశ్వవిద్యాలయం తోటల చుట్టూ ఉన్న వంపుల గోడల గురించి చక్కగా రాశావు. మన మేస్త్రీలు నాలుగంగుళాల గోడ అంటారే, అంత పల్చన. తిన్నగా కడితే పడిపోవాల్సింది, వంపు వల్ల నిలబడుతుంది. ఇప్పుడు కనబడేవి తర్వాతి కాలంలో మళ్లీ కట్టినవని మాత్రం చేర్చు.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. నీ వ్యాసంలో ‘కట్టాడు’ అన్న ప్రతిచోటా ఆగి, ఎవరు అని అడుగు. నేల చదును చేసిందీ, ఇటుక మోసిందీ, కాల్చిందీ చాలామటుకు బానిసలు. వాళ్ల జ్ఞాపకంగా 2020లో పూర్తయిన స్మారకం విశ్వవిద్యాలయంలోనే ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో సుమారు నాలుగు వేలమంది బానిసలు పనిచేశారని అంచనా. చాలామంది పేర్లు దొరకలేదు. వాళ్లకోసం ఆ గ్రానైట్ మీద పేరుకు బదులు గాట్లు మాత్రం పెట్టారు. నీ వ్యాసంలో అవి కూడా లేవు.

పేరు దొరికినవాడు ఒకడున్నాడు. జాన్ హెమింగ్స్, వడ్రంగి. మాంటిచెల్లోలోనూ పాప్లర్ ఫారెస్ట్‌లోనూ చెక్కపని చేశాడు. చదువుకున్నవాడు. పాప్లర్ ఫారెస్ట్ నుంచి జెఫర్సన్‌కు పని వివరాలు రాసి పంపిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. 1826లో చనిపోయిన జెఫర్సన్ వీలునామా ప్రకారం, ఆ మరుసటి ఏడాది స్వేచ్ఛ దొరికింది. ఆ ఉత్తరాలు చదువు. యజమాని గీసిన గీత పనివాడి చేతికి వచ్చేసరికి ఏమవుతుందో వాటిలో తెలుస్తుంది.

రోటండా కాలిపోయిన 1895 అగ్నిప్రమాదం, ఆ తర్వాత వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ చేయించిన మరమ్మతులు రెండు వాక్యాల్లో ముగించు. అక్కడ మిగిలే జాగా హెమింగ్స్‌కు ఇవ్వు. రెండో ప్రతి కాగానే పంపు, నెలాఖరుదాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో