అప్పుడు అత్తగారు, ఇప్పుడు అబ్బాయి

ప్రశ్న: టీచర్‌గా రిటైరయ్యాను. మియాపూర్‌లో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. పాత చీరలతో బొంతలు కుట్టడం నాకిష్టం. మిషనేమో బాల్కనీలో జల్లుకు తడుస్తోంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి గదిని కుట్టుగదిగా మార్చుకుంటానంటే ‘నా రూమ్ ముట్టుకోవద్దు’ అన్నాడు. మా వారు ‘వాడు ఒప్పుకుంటే చేయించుకో’ అన్నారు. వాడి మనసు నొప్పించకుండా 10 బై 11 అడుగుల గదిని ఎలా సర్దుకోవాలి? గోడలకు ఏ రంగు బాగుంటుంది?

జవాబు: తెలుపు వేయించండి, గుడ్డల అసలు రంగు తెలుస్తుంది. రంగు సంగతి అయిపోయింది.

మీ ఉత్తరంలో రెండు పేజీలు అబ్బాయి గురించే. మీ వారి గురించి రాసింది మూడు నాలుగు వాక్యాలు. నేను వాటి దగ్గరే ఆగిపోయాను. పెళ్లయిన కొత్తలో మిషన్ కొనుక్కుంటానంటే ఆయన ‘అమ్మనడుగు’ అన్నారట. అప్పుడు అత్తగారు, ఇప్పుడు అబ్బాయి. ఇన్నేళ్లలో ఆయన మీకు ఒక్కసారీ వద్దని చెప్పలేదు, ఇంకొకరి చేత చెప్పించారు. చెడ్డపేరు వాళ్లకి, మంచితనం ఈయనకి.

అబ్బాయిని నేనేమీ అనను. రెండేళ్లకోసారి మూడు వారాలు వచ్చిపోయేవాడికి తన క్రికెట్ కప్పులు, ఎంసెట్ పుస్తకాలు ఎక్కడివక్కడే ఉండాలని ఉంటుంది. మీరు అడిగారు, వాడు వద్దన్నాడు. అసలు వాణ్ణి ఎందుకడిగారు?

డైనింగ్ టేబుల్ మీద కటింగ్ చేసుకుని, ఆయన టిఫిన్ టైముకి గబగబా ఎత్తేస్తారట. ఓ రోజు ఉప్మా ప్లేటు పక్కన గుండుసూది కనబడితే ఇల్లెగిరిపోయేలా అరిచారట. అరవడానికి మాత్రం ఆయన అబ్బాయిని అడగలేదు, చూశారా!

మళ్లీ అమెరికాకు ఫోన్ చేయకండి. ఆయన్ని కూర్చోబెట్టి ‘మీకిష్టమా కాదా, మీ మాటగా చెప్పండి’ అని అడగండి. వద్దంటే ఎందుకో కూడా ఆయనే చెప్పాలి. భర్త మాటకు విలువివ్వాలనే పాతకాలం మనిషినే నేను. కానీ విలువివ్వడానికి ముందు ఆయన మాటంటూ ఒకటుండాలి కదమ్మా. పైగా ఫ్లాట్ లోన్ సగం మీ జీతంలోంచే తీరింది.

తర్వాత కార్పెంటర్‌ని పిలవండి. కటింగ్ టేబుల్ వంటగట్టు ఎత్తున, 34–36 అంగుళాలు ఉంటే నడుము పట్టదు. మిషన్ బల్ల 28–30 చాలు. కటింగ్ టేబుల్‌కి బ్రేకున్న చక్రాలు పెట్టించండి. బొంతకి పొరలు పరిచేటప్పుడు పక్కకి తోసేస్తే నేల ఖాళీ అవుతుంది. వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా మిషన్ వేసుకుంటే కుడిచేతి నీడ సూది మీద పడదు. ఇస్త్రీ పెట్టెకి గోడ ప్లగ్గే వాడండి, ఎక్స్‌టెన్షన్ వద్దు. ఓ గోడకి ఫ్లానెల్ గుడ్డ బిగిస్తే నూలు ముక్కలు సూదుల్లేకుండానే అంటుకుంటాయి. దూరం నుంచి చూసుకుని ఏది ఎక్కడో మార్చుకోవచ్చు. చీరలు కత్తిరించేముందు ఓసారి ఉతకండి. రంగు దిగేవీ, కుంచించుకుపోయేవీ అప్పుడే బయటపడతాయి.

మంచం తీసేయండి. సోఫా కమ్ బెడ్ పెట్టాలా అన్నారు, అక్కర్లేదు, చోటు తినేస్తుంది. వాడొచ్చినప్పుడు హాల్లో పరుపు వేస్తే హాయిగా పడుకుంటాడు. ఆ ఎంసెట్ పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేముందు మాత్రం వాణ్ణి ఒక్కమాట అడగండి.