ఫ్లెక్సీ కట్టాలా, ఫేస్‌బుక్‌లో పెట్టాలా?

ప్రశ్న: అక్కా, మాది కదిరి. చిన్న ఆహార తయారీ యూనిట్లకిచ్చే పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద లోను తీసుకుని ఆర్నెల్ల కింద చెక్క గానుగ పెట్టాం. వేరుశనగ నూనె, నువ్వుల నూనె తీస్తున్నాం. పబ్లిసిటీకని 60 వేలు పక్కన పెట్టుకున్నాం. ఊళ్లో ఫ్లెక్సీలు కట్టి, ఆటోకు మైకు పెట్టి తిప్పుదాం, తేరుకు జనం బాగా వస్తారు అంటారు మా ఆయన. డిగ్రీ చదివే మా అబ్బాయి, ఇప్పుడు మైకు ఎవరు వింటారు, డబ్బంతా ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లో పెడితే హైదరాబాద్, బెంగళూరు నుంచి ఆర్డర్లు వస్తాయంటాడు. వేరుశనగ నూనె లీటరు 360కి అమ్ముతున్నాం. అన్నీ పోను 40 మిగులుతోంది. నెలకు 150 లీటర్లు పోతోంది. కిస్తీకి ఇబ్బంది లేకుండా ఉండాలంటే 400 లీటర్లు పోవాలి. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. వేయించాలనుకున్న పాంప్లెట్ కూడా జతచేశాను, చూసి చెప్పండి.
– ఒక సోదరి, కదిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది లెక్క. చాలామంది నాకు రాసేటప్పుడు లీటరు మీద ఎంత మిగులుతుందో రాయరు. మీరు రాశారు కాబట్టి, ఆ లెక్కనే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం.

మీకు ఇంకా 250 లీటర్లు పోవాలి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు వాడతారనుకుందాం. అంటే మీకు కావాల్సింది ఎనభై ఐదు ఇళ్లు. కదిరంత ఊళ్లో ఎనభై ఐదు ఇళ్లు! ఒక్కో ఇంటి మీద మీకు నెలకు 120 రూపాయలు మిగులుతుంది. ఆ ఇంటిని తెచ్చుకోవడానికి 300 ఖర్చుపెడితే మూడో నెలకల్లా వచ్చేస్తుంది. 60 వేలూ పోస్తే ఇంటికి 700 పడుతుంది, అది తిరిగి రావడానికి ఆరు నెలలు. అందుకని పాతిక వేలు మించకండి. మిగతాది కొత్త కాయలు వచ్చి ధర తగ్గినప్పుడు సరుకు కొనడానికి ఉంచుకోండి.

ఇక ఫ్లెక్సీనా, ఫేస్‌బుక్కా అన్న సంగతి. రెండింట్లోనూ నా చేయి కాలింది. 2009లో ప్రొద్దుటూరులో మా కాటన్ చీరల కొట్టుకు పదివేల పాంప్లెట్లు వేయించి, ఆదివారం పేపర్లో పెట్టించమని డబ్బు కట్టాను. మూడో రోజు సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే, నూనె మరకల కింద మా కొట్టు పేరు కనిపించింది. కట్టలకు కట్టలు విప్పకుండానే పాత పేపర్ల కొట్టుకు తూకానికి వెళ్లిపోయాయని తర్వాత తెలిసింది. 2019లో ఫేస్‌బుక్‌లో ఒక చీర ఫోటో పెట్టి, బూస్ట్ బటన్ నొక్కి, ఐదువేలు కట్టాను. లైకులు వందల్లో వచ్చాయి. పేర్లు చూస్తే సూరత్, లక్నో. ఏ ఊరివాళ్లకు చూపించాలో చెప్పే చోట ఇండియా అనే వదిలేశాను. ఒక్కరు కూడా కొట్టు మెట్లెక్కలేదు. రెండుసార్లూ నేను చేసిన పొరపాటు ఒకటే. ఎవరికి చేరాలో తేల్చుకోకుండా డబ్బు ఇచ్చేశాను.

మీ నూనె ఎవరికి చేరాలి? పక్క కొట్లో ప్యాకెట్ నూనె సగం ధరకు దొరుకుతుంటే మీకు 360 ఇచ్చే ఇల్లాలికి. ఆమె మనసులో ఉండే అనుమానం ఒక్కటే: ఇందులో పామాయిల్ కలపలేదని గ్యారంటీ ఏంటి? ఆ అనుమానాన్ని ఫ్లెక్సీ తీర్చదు, రీల్ కూడా పూర్తిగా తీర్చదు. కళ్లముందు తిరిగే గానుగ తీరుస్తుంది. మీ చుట్టుపక్కల బుడ్డలు (వేరుశనగ) పండించే ఇళ్లు బోలెడు. ఒలిచిన గింజలు తెచ్చుకుంటే కూలికి ఆడించి ఇస్తామని చెప్పండి. రెండున్నర కిలోలు పోస్తే సుమారు లీటరు నూనె వస్తుంది కదా, వాళ్ల గింజలు, వాళ్ల నూనె, నూనె తీశాక మిగిలే చెక్క కూడా వాళ్లే తీసుకెళ్తారు. అప్పుడే తీసిన నూనె మబ్బుగా ఎందుకుంటుందో, రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి ఎలా దిగుతుందో చూపించండి. ఆ వాసన ముక్కుకు తగిలిన మనిషి పదిమందికి చెబుతుంది. సొంత గింజలు అయిపోయాక మీ దగ్గరే కొంటుంది. నువ్వులు ఆడించిన రోజు కొన్నవాళ్లకు ఒక పొట్లం తెలకపిండి ఊరికే ఇవ్వండి. తెలకపిండి కూర తిన్నవాళ్లు ఆ ఇంటి పేరు మర్చిపోరు.

మైకు ఆటో వద్దనను. కానీ 'స్వచ్ఛమైన నూనె' అని అరిపించకండి, అది అందరూ అరిచేదే. 'ఆదివారం పొద్దున మీ గింజలు తెచ్చుకోండి, మీ ముందే ఆడించి ఇస్తాం' అని ఒక తేదీ, ఒక పని చెప్పించండి. రెండు రోజులు చాలు. పాంప్లెట్లు ఐదువందలే వేయించి, మీరే ఇంకో ఆమెను తోడు తీసుకుని మీ చుట్టుపక్కల వీధుల్లో చేతికివ్వండి. తేరు ఫ్లెక్సీ మాత్రం వద్దు. నరసింహస్వామి తేరు లాగడానికి వచ్చేవాళ్లలో పొరుగు జిల్లాలవాళ్లు, కర్ణాటకవాళ్లు ఎక్కువ. మర్నాటికి వెళ్లిపోయేవాళ్లు నెలనెలా మూడు లీటర్లు కొనరు.

మీ అబ్బాయి మాటా కొట్టిపారేయకండి. ఈ రాత్రే గూగుల్ మ్యాప్స్‌లో గానుగ పేరు, ఫోటోలు, టైమింగ్స్ పెట్టమనండి, అది ఉచితం. వాట్సాప్ బిజినెస్ వేయమనండి. కొన్న ప్రతి ఒక్కరి చేతా మీ నంబరు అక్కడే సేవ్ చేయించండి, సేవ్ చేసుకోనివాళ్లకు, అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వెళ్లదు. ఇరవై ఐదు రోజులయ్యాక 'నూనె అయిపోవచ్చిందా అమ్మా, పంపమంటారా?' అని ఒక్క మాట. ఫేస్‌బుక్ యాడ్ అయితే మ్యాపు మీద గానుగ దగ్గర పిన్ను పెట్టి, చుట్టూ ఐదు కిలోమీటర్లే పెట్టాలి. రోజుకు వంద చొప్పున పదిరోజులు, 18 శాతం జీఎస్టీతో కలిపి 1,180. వీడియో అర నిమిషం చాలు. గింజలు పడటం, నూనె సన్నటి ధారగా స్టీలు గిన్నెలోకి దిగడం, ఆ గానుగ చప్పుడు. పాట కలపొద్దు.

హైదరాబాద్ ఆర్డర్లు ఇప్పుడే మొదలుపెట్టకండి. దారిలో ఒక్క సీసా కారిపోయిందంటే 360 పోతుంది, అంటే తొమ్మిది లీటర్ల మీద వచ్చే లాభం. పైగా కొరియర్ ఛార్జీలు.

ఇప్పుడు మీ పాంప్లెట్. 'మా నూనె వాడితే గుండె జబ్బులు, షుగర్ రావు' అన్న లైను ఈరోజే తీసేయండి. అది నిజం కాదు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు నమ్మి మందులు మానేస్తే పాపం ఎవరిది? చట్టమూ ఊరుకోదు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. ఆ లైను స్థానంలో మీ పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు వేయండి. సీసా లేబుల్ మీద ఎలాగూ ఉండాల్సిందే.

కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టండి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ 'మా గురించి ఎలా తెలిసింది?' అని అడిగి, రాయండి. రెండు నెలల తర్వాత ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపండి. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో అప్పుడు కలిసి చూద్దాం.

ప్రశ్న: నేను నల్గొండలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను మేడమ్. మూడు వేలిస్తే ఇన్‌స్టాలో పదివేల ఫాలోవర్లను తెస్తామని ఒకరు ఫోన్ చేశారు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ పదివేలమందిలో జాకెట్ కుట్టించుకునేవాళ్లు ఉండరు. కానీ మీ పనికి ఇన్‌స్టానే ముందు, పై సోదరికి చెప్పినట్టు పాంప్లెట్ కాదు. మగ్గం పని కంటికి కనిపిస్తేనే అమ్ముడవుతుంది. పెళ్లి కుదిరిన పిల్లలు డిజైన్లు వెతికేది ఫోన్‌లోనే, అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా కొలత జాకెట్ ఊళ్లో అమ్మకిచ్చి పని చేయించుకుంటున్నారు. ఆ మూడు వేలతో మంచి లైటు, ఫోను స్టాండు కొనుక్కోండి. పూర్తయిన జాకెట్టే కాదు, సూది కింద జర్దోసీ ఎక్కుతున్నప్పటి వీడియో పెట్టండి. కింద ఊరి పేరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ధర ఎంత నుంచి మొదలు, ఈ మూడూ రాయండి. ధర రాయకుండా 'మెసేజ్ చేయండి' అంటే సగంమంది అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు.