నవల కోసం కాలేజీ మానేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నవలా రచయిత్రిని అవుతానని ఏడాదిగా రాస్తోంది. ఉదయం ‘ఇలాంటి నవల ఇంతవరకు రాలేదమ్మా’ అంటుంది. సాయంత్రానికి అంతా చింపేస్తానంటుంది. ఇప్పుడు కాలేజీ మానేసి రాతకే కూర్చుంటానంటోంది. పైగా నవలలో అందరి మీదా కేకలు వేసే తల్లి ఒకావిడ ఉంది. అది నేనేనని నా అనుమానం. రాసినది చదివి ఎలా ఉందో చెప్పమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అనుమానం సంగతి చూద్దాం. ఆ తల్లిలో మీ మాటతీరు కొంత ఉండే ఉంటుంది. కొత్తగా రాసేవాళ్లకు చేతికందే మనుషులు ఇంట్లోవాళ్లే కదా. రేపు పుస్తకం అచ్చయితే మీ బంధువులంతా అందులో తమను తాము వెతుక్కుంటారు. కనబడితే కోపం, కనబడకపోతే అంతకన్నా కోపం. మీ అమ్మాయి మనుషులను గమనిస్తోందని సంతోషించండి.

ఉదయం ఆకాశం, సాయంత్రం పాతాళం అన్న ఆ స్థితికి కంగారు పడకండి. తలలో ఉన్నంతసేపు నవల నిండుగా, అందంగా ఉంటుంది. కాగితం మీదికి మాత్రం ఒక్కో వాక్యమే వస్తుంది, అదీ కుంటుకుంటూ. ఎన్నో పుస్తకాలు చదివిన పిల్లలకు మంచిచెడ్డలు పసిగట్టే చూపు ముందే వచ్చేస్తుంది. చేయి ఆ చూపును అందుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. ఆ మధ్యకాలమంతా ఇలాగే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి రెండో అధ్యాయం మొదలుపెట్టకముందే అంకితం పేజీ రాసుకున్నాడు, అట్ట మీద బొమ్మ కూడా గీయించుకున్నాడు. కంప్యూటర్‌లో అతని ఫైళ్ల పేర్లు ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఇదే చివరిది 4’. అన్నింటిలోనూ ఉన్నది మొదటి అధ్యాయమే. మరో అమ్మాయి నవలలో మూడో అధ్యాయంలో చనిపోయిన తాతగారు తొమ్మిదో అధ్యాయంలో వచ్చి తలుపు తీశారు. పాపం, రెండు రోజులు ఏడ్చింది. తర్వాత నిదానంగా చూసుకుంటే ఆయన బతికి ఉండటమే కథకు మేలని తేలింది. మూడో అధ్యాయాన్నే మార్చి నవల పూర్తి చేసింది. నాకు ఆ ఇద్దరిలో ఈ అమ్మాయి మీదే నమ్మకం ఎక్కువ. తప్పుతో సహా తొమ్మిదో అధ్యాయం దాకా వెళ్లింది కాబట్టి, సరిదిద్దుకోవడానికి ఆమె చేతిలో ఏదో ఒకటి ఉంది.

ఇక అసలు విషయం. కాలేజీ మాన్పించవద్దు. రాయడం వృథా అని ఈ మాట అనడం లేదు. రోజంతా ఖాళీ దొరికితే రాత పెరుగుతుందన్న లెక్క నేను చూసినంతలో చాలామంది విషయంలో తప్పింది. రోజుకు 300 మాటల చొప్పున 270 రోజులు రాస్తే 81,000 మాటలు, అంటే నిండు నవల. అందుకు రోజూ గంటో గంటన్నరో చాలు, అది తప్పకుండా దక్కాలి. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ బ్రిటన్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రోజూ ఉదయం 5.30కి రాతబల్ల ముందు కూర్చునేవారు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలని నియమం పెట్టుకున్నారు. అలా ఆయన రాసిన నవలలు 47.

పుస్తకం అచ్చయ్యాక కూడా డబ్బు దారి సన్ననిదే. రచయితకు అందేది సాధారణంగా పుస్తకం ధరలో చిన్న వాటా. మొదటి నవలతో ఇల్లు గడవడం అరుదు. అందుకే ఒక ఉద్యోగం కావాలి. అనువాదం, పత్రికా రచన, పుస్తకాల పరిష్కరణ, బోధన వంటివి భాషకు దగ్గరి పనులే. అయితే పగలంతా ఇతరుల వాక్యాలు దిద్దినవాళ్లకు రాత్రి సొంత వాక్యం రాసే ఓపిక మిగలకపోవచ్చు. వేళకు ముగిసి, మనసును ఇంటిదాకా వెంటాడని ఉద్యోగం ఏదైనా నాకు అంతకన్నా మేలనిపిస్తుంది.

ప్రచురణకర్తలకు పంపాక నెలల తరబడి మౌనం ఉంటుంది. తిరస్కరణ వస్తే చాలాసార్లు కారణం కూడా చెప్పరు. ఆ రోజుల్లో ఫోను మోగితే చాలు, ఎగిరి గంతేసి తీస్తుంది. అవతల మీ చుట్టమెవరో ‘నవల ఇంకా అవ్వలేదా?’ అంటారు. మీరు ఆమె పక్కన ఉండాల్సింది అప్పుడే. ఎవరైనా చదవడానికో అచ్చు వేయడానికో ఎదురు డబ్బు అడిగితే అక్కడే ఆగమనండి. ఒప్పందంలో హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో, అనువాదం, సినిమా హక్కులు ఎవరివో చదవకుండా సంతకం చేయవద్దు.

ఇంకొకటి, రాసినదానికి ఎప్పుడూ రెండో ప్రతి ఉంచమనండి. 1936లో అమెరికన్ నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ రాతప్రతిలో సగాన్ని ఆయన కుక్కపిల్ల టోబీ చింపి పోగులు పెట్టింది. రెండు నెలల కష్టం, వేరే ప్రతి లేదు. ఆయన మళ్లీ కూర్చుని రాశారు, పుస్తకం 1937లో వెలువడింది. సాయంత్రం చింపేస్తానన్నప్పుడు మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. చింపే ముందు ఒక ప్రతి మీరు అడిగి తీసుకుని బీరువాలో దాచండి.

ఇప్పుడు చదివి చెప్పమన్నదాని గురించి. ‘బాగుంది’ అనవద్దు, ‘బాగాలేదు’ అనీ వద్దు. ఆ రెండింటితోనూ ఆమె చేయగలిగిందేమీ లేదు. పెన్సిల్ పట్టుకుని చదవండి. మనసు పక్కకు పోయినచోట అంచులో చిన్న గీత పెట్టండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియనిచోట ప్రశ్న గుర్తు పెట్టండి. నవ్వొచ్చినచోట నవ్వొచ్చిందని రాయండి. ఆ కేకలు వేసే తల్లి వచ్చిన పేజీల్లో కూడా అంతే. అక్కడ మీకు నవ్వొస్తే దాచుకోవద్దు.