పాఠకుల ప్రశ్నలు: ఏసీ పెడితే గిరాకి వస్తుందా?

ప్రశ్న: హన్మకొండలో మా నాన్న పెట్టిన కిరాణా దుకాణం నేను నడుపుతున్నాను. నెల సరుకంతా జనం మార్ట్‌లో తెచ్చుకుంటున్నారు, మధ్యలో ఏదన్నా అయిపోతే ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నారు, మా దగ్గరికి వచ్చేది ఉద్దెర వాళ్లే. ఒక కంపెనీ వాళ్లు ఫ్రాంచైజీ తీసుకోమంటున్నారు. ఏసీ, ర్యాకులు, బోర్డు అన్నీ కలిపి 12 లక్షలట, లోన్ కూడా ఇప్పిస్తారట. తీసుకోమంటారా సార్?

జవాబు: ఇప్పుడే సంతకం పెట్టకండి. 11 శాతం వడ్డీకి ఐదేళ్లు అనుకుంటే కిస్తీ నెలకు 26 వేలు దాటుతుంది. ప్యాకెట్ సరుకు మీద వందకు పది మిగులుతుందనుకుందాం (చాలావాటి మీద అంత కూడా ఉండదని నాకంటే మీకే బాగా తెలుసు), అంటే ఒక్క కిస్తీ కోసమే నెలకు ఇంకో 2 లక్షల 60 వేల సరుకు అమ్మాలి, రోజుకు దాదాపు 8,700. ఇందులో ఏసీ కరెంటు బిల్లు లేదు, పని పిల్లాడి జీతం లేదు. ఉన్న గిరాకే తగ్గిన గల్లీలో అంత కొత్త గిరాకి ఎక్కడి నుంచి వస్తుందో ఆ కంపెనీ వాళ్లనే అడగండి. బోర్డు రంగుల గురించి గంట మాట్లాడేవాళ్లు దీనికి ఏం చెప్తారో నాకూ వినాలనుంది.

సబ్బులు, టీపొడి, నూనె ప్యాకెట్ల ధరలో మార్ట్‌తో మీరు గెలవలేరు. వాళ్లు కంపెనీల దగ్గర లారీలకు లారీలు కొంటారు, డబ్బు తొందరగా కడతారు, డీమార్ట్‌కైతే చాలాచోట్ల బిల్డింగే సొంతం. మీకు డిస్ట్రిబ్యూటర్ వేసే ధరకే అక్కడ అమ్ముతుంటే కడుపు మండుతుంది, నిజమే. ప్యాకెట్లు పెట్టండి, కాకపోతే అవే మిమ్మల్ని బతికిస్తాయని ఆశ పెట్టుకోకండి.

మీకు మిగిలేది విడి సరుకులో. హోల్‌సేల్ కిరాణాకు బీట్ బజార్ పక్కనే ఉంది, మిర్చికి ఎనుమాముల మార్కెట్ ఊళ్లోనే ఉంది, అయినా మన కిరాణాల్లో ఎక్కడి నుంచో వచ్చిన కారం ప్యాకెట్లు వేలాడుతుంటాయి, ఇదేం లెక్కో నాకు అర్థం కాదు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఎర్రటి రంగు, తక్కువ ఘాటు, పచ్చళ్లకు పేరున్న కాయ. మామిడికాయ వచ్చే ముందే మంచి కాయ తెచ్చి, తొడిమలు తీయించి, ఎండబెట్టి, గిర్నీలో పట్టించి పావుకిలో నుంచి అమ్మి చూడండి, కావాలంటే కాయ చూపించి మరీ అమ్మండి. మేడారం జాతర ఏడాదైతే బెల్లం ఉండనే ఉంది. నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం) మొక్కుకున్నవాళ్లు ఇంట్లో మనిషిని తీసుకొచ్చి తూకం వేయించుకుంటారు, ఆ పని ఏ యాప్ చేస్తుంది? ఇంకో మాట, విడిగా తూచి ఇచ్చే బియ్యం, పప్పుల మీద జీఎస్టీ లేదు. అవే 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 2022 జులై నుంచి 5 శాతం పడుతోంది.

ఇక ఉద్దెర. జీతం పడగానే మార్ట్‌కు పోయి, ఇరవయ్యో తారీఖుకు మీ గడప తొక్కేవాళ్లను, నెలంతా మీ దగ్గరే కొనేవాళ్లను ఒకే ఖాతా పుస్తకంలో ఒకేలా చూడకండి. మొదటివాళ్లకు మొహమాటం లేకుండా హద్దు పెట్టండి. రెండోవాళ్లకు వాట్సాప్‌లో లిస్టు పెట్టమనండి, సరుకు సాయంత్రంలోగా ఇంటికి పంపండి. మంచి లైట్లు, పాలు పెరుగుకు ఒక ఫ్రిజ్, నిలబడడానికి చోటు, వీటికి 12 లక్షలు అక్కర్లేదు. ముద్ర శిశు లోన్ 50 వేల దాకా ఇస్తారు, అది అడిగి చూడండి. (స్వనిధి లోన్ వీధి వ్యాపారులకు, తోపుడు బండ్ల వాళ్లకు. మీకు రాదు.)

ప్రశ్న: నాది కాజీపేటలో చిన్న ఫ్యాన్సీ స్టోర్. యూపీఐ లెక్కలు చూసి బెంగళూరులో చిన్న దుకాణాలకు జీఎస్టీ నోటీసులు పంపారని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. క్యూఆర్ తీసేయమంటారా అన్నా?

జవాబు: తీయకండమ్మా. 2025 జులైలో కర్ణాటకలో నోటీసులు వచ్చిన మాట నిజమే, కాకపోతే పన్ను పడేది అమ్మకం మీద. డబ్బు ఫోన్‌లో వచ్చినా నోట్లలో వచ్చినా లెక్క ఒకటే. మీరు చూసుకోవాల్సింది జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఉన్న అమ్మకాల హద్దు. సరుకు అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 40 లక్షలు, మన తెలంగాణలో 20 లక్షలే. రోజుకు 5,500 అమ్మినా ఏడాదికి అది దాటిపోతుంది, చాలామందికి ఈ సంగతే తెలియదు! దాటితే రిజిస్ట్రేషన్ చేయించి కాంపొజిషన్ స్కీం తీసుకోండి. అందులో కోటిన్నర టర్నోవర్ దాకా వ్యాపారులు అమ్మకం మీద 1 శాతమే పన్ను కడితే చాలు. అయితే ఆ పన్ను గిరాకి దగ్గర వేరుగా తీసుకోకూడదు, మీ లాభంలోంచే కట్టాలి.

ప్రశ్న: మా గల్లీ దుకాణంలో కూల్‌డ్రింక్ మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకుని, కూలింగ్ చార్జీ అంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే. ముందు దుకాణం ఆయనకే చెప్పి చూడండి, వినకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు అడిగి దగ్గర పెట్టుకోండి.