ప్లాస్టిక్ రోడ్డు వేయొచ్చు, చిక్కంతా తుక్కు దగ్గరే

చెత్త ప్లాస్టిక్‌తో రోడ్లు వేయడం నిజంగా అయ్యే పనేనా, లేక ఫొటోల కోసం చేసే హడావుడా అని అడిగారు. మీ పంచాయతీలో ఆ మాట నడుస్తోందన్నారు కూడా. నేను గ్రామీణ రోడ్ల పనుల్లో సైట్ ఇంజనీర్ని. మామూలు బీటీ రోడ్లూ (తారు రోడ్లు) వేయించాను, ప్లాస్టిక్ కలిపినవీ వేయించాను. అయ్యే పనే.

కాకపోతే రోడ్డంతా ప్లాస్టిక్ అనుకోకండి. కలిపేది తారు బరువులో 6 నుంచి 8 శాతమే. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డు కిలోమీటరు వేస్తే దాదాపు టన్ను పడుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతి. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కంకర, తారు వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటులో కంకరను 160–170 డిగ్రీల దాకా వేడిచేసి, సన్నగా తరిగిన ప్లాస్టిక్ తుక్కు అందులో వేస్తారు. నిమిషంలోపే కరిగి రాయికి పట్టేస్తుంది. అప్పుడు ఒక రాయిని బయటికి తీసి చూస్తే నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. తారు పోసేది ఆ తర్వాతే. ఈ పొర ఉంటే వాన నీళ్లు రాయికీ తారుకీ మధ్య అంత సులువుగా దూరవు. మన రోడ్లకు గుంతలు మొదలయ్యేది చాలావరకు అక్కడే కదా. మిశ్రమాన్ని రోడ్డు మీద పరిచే పేవర్, రోలర్ అన్నీ మామూలువే, కొత్త మిషన్లేమీ కొననక్కర్లేదు.

అసలు తలనొప్పి తుక్కుది. శుభ్రం చేసి తరిగిందని చెప్పి పంపిన బస్తా విప్పితే తడి, మట్టి, గోనె పోగులు, వాటి మధ్య రంగురంగుల ఫ్లెక్సీ ముక్కలు. తడి తుక్కు ఉండలు కట్టేస్తుంది, రాయికి సమానంగా పట్టదు. ఫ్లెక్సీ అంటే పీవీసీ అనే రకం ప్లాస్టిక్. దాన్ని వేడిచేస్తే కళ్లు మండించే విషవాయువు వస్తుంది, అందుకే రోడ్డు పనుల్లో పీవీసీ వాడకూడదు. మన ఊళ్లలో ప్రతి పుట్టినరోజుకీ ఒక ఫ్లెక్సీ, ఏరిపారేసేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ! నీళ్ల బాటిళ్లేమో పాత సామాన్ల కొట్టుకే పోతాయి, అక్కడ వాటికి రేటుంది. మనదాకా వచ్చేది ఎవరూ కొనని పల్చటి కవర్లు. వాటిని ఏరి, కడిగి, ఆరబెట్టడానికి కూలీ ఎవరిస్తారు? ప్లాస్టిక్ కలిపినంత మేర తారు కొంత మిగులుతుంది, నిజమే. నేను చూసినంతలో ఆ మిగులు తుక్కు తయారీకీ లారీ కిరాయికీ సరిపోతుంది. కేంద్రం 2015లో 5 లక్షలు దాటిన జనాభా ఉన్న పట్టణాలకు 50 కిలోమీటర్ల లోపు రోడ్లకు ఈ పద్ధతి వాడమన్నదంటే అర్థముంది. చెత్త దొరికేది అక్కడే.

ఇక మూడింతలు మన్నుతుందనే మాటలు నేను పెద్దగా పట్టించుకోను. కింద నల్లరేగడి నేలను సరిగా గట్టిపరచకపోతే పైన ఏం కలిపినా కుంగుతుంది. పై పొర అరిగేకొద్దీ ప్లాస్టిక్ రేణువులు మట్టిలో కలుస్తాయనే భయం కూడా కొట్టిపారేసేది కాదు.

మీ మండలంలో తుక్కు తరిగే మిషను, ఆరబెట్టే షెడ్డు, ఏరే మనుషులు ఉంటే ధైర్యంగా వేయించుకోండి. లేకపోతే దూరం నుంచి తెప్పించే టెన్షన్ వద్దు. మామూలు బీటీ రోడ్డే వేయించుకుని, ఆ తెప్పించే ఖర్చుతో రెండు పక్కలా కాలువలు తీయించండి.