ఒకరు కష్టమన్నారు, ఒకరు తేలికన్నారు: నా చెరువు ఆటకు అలుగు దొరికిన తీరు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: 48 గంటల్లో కంప్యూటర్ ఆట తయారుచేసే పోటీ కోసం ఒక్కరే కూర్చుని చిన్న ‘దేవుడి ఆట’, అంటే ఆడేవారే దేవుడై జనాన్ని కాచే ఆట తయారుచేశారు. ఆహారం, కలప, విశ్వాసం అనే మూడు వనరులను సరిచూసుకుంటూ ఊరిని బతికించాలి. ఆడినవారిలో కొందరు మరీ కష్టమన్నారు, దాదాపు అంతే మంది మరీ తేలికన్నారు. ఎవరి మాట విని ఆటలోని ధరల వంటి అంకెలు మార్చాలి?

ఇప్పుడప్పుడే అంకెల జోలికి వెళ్ళకండి. ఆ రెండు వర్గాలూ ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూస్తూ ఉండవచ్చు. నా ఆటలో సరిగ్గా అదే జరిగింది. అది తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

నా ఆటలో ఒక చెరువు, ఒక తూము, దాని కింద ఆయకట్టు, ఒక ఊరు ఉండేవి. ఆడేవారు చెరువు కట్ట మీద కొలువైన కట్టమైసమ్మ. వనరులు మూడు: నీరు, ధాన్యం, భక్తి. జనం భక్తిని ఇస్తారు, భక్తితో వాన కురిపించవచ్చు, వానతో చెరువు నిండుతుంది, నీటితో పంట పండుతుంది, పంటతో జనం పెరుగుతారు. కాగితం మీద ఈ చక్రం ఎంతో అందంగా కనిపించింది. మొదటి రూపానికి 31 అభిప్రాయాలు వచ్చాయి. వాటిలో తొమ్మిది కష్టమనీ, ఎనిమిది తేలికనీ చెప్పాయి. ఏం జరుగుతుందో అర్థం కావడం లేదన్నవి మరో ఏడు. మొదట వాన ధర తగ్గించాను. తేలికన్నవారు పెరిగారు. పెంచాను. కష్టమన్నవారు పెరిగారు. నెలన్నర ఆ ఒక్క అంకెతోనే గడిచిపోయింది.

చివరికి ఒక సాయంత్రం పెన్ను తీసుకుని లెక్క కట్టాను. ఒక్కో ఇల్లు నిమిషానికి 1 భక్తి ఇస్తుంది. వాన ధర 40. నీరు లేకుండా పంట 3 నిమిషాలు మాత్రమే నిలుస్తుంది. 20 ఇళ్ళున్న ఊరికి రెండు నిమిషాలకు ఒక వాన అందుతుంది, కాబట్టి పంట నిలిచి ఊరు పెరుగుతుంది. 40 ఇళ్ళయ్యాక నిమిషానికో వాన వస్తుంది, ఇక ఆడేవారికి చేయడానికేమీ మిగలదు. అదే 12 ఇళ్ళకు పడిపోతే వాన రావడానికి 3 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అప్పటికే పంట ఎండిపోతుంది, ఇళ్ళు మరిన్ని తగ్గుతాయి, తరువాతి వాన ఇంకా దూరమవుతుంది. అంటే 14 ఇళ్ళ దగ్గర కంటికి కనపడని ఒక అంచు ఉంది. మొదటి ఐదు నిమిషాల్లో దాని నుంచి కిందికి జారినవారు కష్టమన్నారు, పైన నిలిచినవారు తేలికన్నారు. నేను వాన ధర మార్చినప్పుడల్లా ఆ అంచు అటో ఇటో జరిగిందే తప్ప తొలగిపోలేదు.

పెరిగేదాన్ని మరింత పెంచి, తరిగేదాన్ని మరింత తరిగించే ఇలాంటి చక్రం ఈ జాతి ఆటల్లో మొదటి నుంచీ ఉంది. 1989లో ఇంగ్లండ్‌కు చెందిన బుల్‌ఫ్రాగ్ సంస్థ తెచ్చిన పాపులస్‌లో ఆడేవారు మనుషులను ఒక్కొక్కరిగా నడిపించరు. నేలను ఎత్తి, దించి చదును చేస్తే వాళ్ళే వచ్చి ఇళ్ళు కట్టుకుంటారు. జనం పెరిగేకొద్దీ దైవశక్తి పెరుగుతుంది, శక్తితో మళ్ళీ నేలను మార్చవచ్చు. అక్కడ అదే పని చేసే ప్రత్యర్థి దేవుడు ఒకడు ఉన్నాడు కాబట్టి ఆ చక్రానికి ఎదురు దెబ్బ తగులుతుంది. 2013లో నెదర్లాండ్స్‌కు చెందిన అబ్బీ గేమ్స్ విడుదల చేసిన రియస్‌లో ప్రత్యర్థి దేవుడు లేడు. నలుగురు మహాకాయులతో ఒక గుండ్రని గ్రహాన్ని తీర్చిదిద్దుతాం. ఆహారం, సంపద, సాంకేతికత సమకూర్చి ఊళ్ళను పెంచుతాం. ఏ ఊరికైనా మరీ తొందరగా ఐశ్వర్యం కట్టబెడితే అక్కడి జనానికి దురాశ పుట్టి యుద్ధాలకు దిగుతారు. ఎదుగుదలకు అడ్డు ఆ ఎదుగుదలలో నుంచే వస్తుంది. ఆ ఆట నాకు ఎంతో ఇష్టం. కానీ దాని దురాశను తెచ్చి నా చెరువు ఊరికి అతికించలేకపోయాను. రెండు వారాలు ప్రయత్నించాను, ప్రతిసారీ అరువు తెచ్చిన దానిలాగే కనిపించింది.

దారి చూపింది మా మేనమామ. ఆయన ఎప్పుడూ కంప్యూటర్ ఆటలు ఆడలేదు. వరంగల్ వైపు చెరువు కింద వరి పండిస్తారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. పది నిమిషాలు మాట్లాడకుండా ఆడారు. ఎనిమిదో నిమిషంలో చెరువు నిండింది, కట్ట దాకా నీరు వచ్చి ఆగింది. నా ఆటలో నీటికి గరిష్ఠం 100. ఆ పైన పడిన వాన లెక్కలోకి రాకుండా మాయమయ్యేది. ఆయన తెర వైపు చూసి, “ఈ చెరువుకు అలుగు ఏదిరా?” అన్నారు. తరువాత కాసేపటికి మరో మాట అన్నారు: “మైసమ్మ వాన కురిపించదురా. కట్టను కాస్తుంది.”

అంతకుముందు వచ్చిన 31 అభిప్రాయాల కన్నా ఆ రెండు మాటలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. చెరువు కట్టినవారు నాకు కావలసిన అడ్డుకట్టను ఎప్పుడో కనిపెట్టారు. పాకాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దపు కాకతీయుల నాటివి. చెరువు నిండాక అదనపు నీరు కట్ట మీది నుంచి పొర్లకుండా అలుగు మీదుగా పారిపోతుంది. గొలుసుకట్టు చెరువులైతే పై చెరువు అలుగు పారిన నీరే కింది చెరువుకు ఆధారం. అలుగు పూడుకుపోయినా, దాని ఎత్తు పెంచినా కట్ట తెగి గండి పడుతుంది. నీరు తక్కువైతే ఎంత ప్రమాదమో ఎక్కువైనా అంతే ప్రమాదం. నా ఆటలో ఆ రెండో ప్రమాదమే లేదు.

అందుకే చక్రాన్ని రెండు చోట్ల తెంచాను. వానను ఆడేవారి చేతిలో నుంచి తీసేసి కార్తెల ప్రకారం తానే వచ్చేలా చేశాను. ఒక ఏడు ఆర్ద్రలో వస్తే, మరో ఏడు మఖలో వస్తుంది. భక్తితో ఇప్పుడు కట్టను బలపరచవచ్చు, అలుగు ఎత్తును కొద్దిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఎత్తు పెంచితే యాసంగి (రబీ) పంటకు నీరు మిగులుతుంది, కానీ ఆ ఏడు పెద్ద వాన పడితే గండి పడవచ్చు. దేవతకు శక్తి తగ్గింది, ఆడేవారికి ఆలోచించే పని పెరిగింది. తరువాత ఆడిన 22 మందిలో కష్టమన్నవారు నలుగురు, తేలికన్నవారు ఇద్దరు. మిగిలినవారు గండి ఎందుకు పడిందో, వచ్చే ఏడు ఏం చేయాలో నాకు వివరించారు. ఓడిపోయినవారు కారణం చెబుతున్నారంటే ఆట వారికి అర్థమైందన్నట్టే.

ఏం జరుగుతుందో అర్థం కావడం లేదన్న ఆ ఏడుగురి సంగతి వేరు. వాళ్ళలో ఇద్దరిని పిలిచి వెనక కూర్చుని చూశాను. తూము తెరిచాక పంట చేతికి రావడానికి 90 సెకన్లు పడుతుంది. అంతవరకు తెర మీద ఏ మార్పూ లేదు. తూము పనిచేయలేదనుకుని వాళ్ళు ఇంకా ఎత్తేవారు, చెరువు అడుగంటేది. ఆలస్యాన్ని తగ్గించలేదు. పంటకు కాలం పడుతుంది, అది అబద్ధం కాకూడదు. తూము తెరిచిన రెండు సెకన్లకే కాలువలో నీటి మెరుపు, ఆ వెంటనే మడి రంగు ముదరడం చూపించాను. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఒక స్నేహితురాలు మరో లోపం పట్టుకుంది. తూమును సగం తెరిచి అలాగే వదిలేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఊరు చల్లగా ఉంది. ఏమీ చేయకపోవడమే అన్నిటికన్నా మంచి ఎత్తుగడ అయితే సమతుల్యం పోయినట్టే. దీనికీ చెరువులోనే జవాబు దొరికింది, అది పూడిక. ఏటేటా మట్టి చేరి నీరు పట్టే చోటు తగ్గుతుంది. తీయాలంటే ఎండాకాలంలో చెరువును కావాలని ఖాళీ చేయాలి. తీసిన మట్టి పొలానికి ఎరువు. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నది అందుకే. చెరువు నిండుగా ఉంచుకోవాలన్న కోరిక ఒకవైపు, ఖాళీ చేయాల్సిన అవసరం మరోవైపు. నా ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది.

నేను వినని సలహాలూ ఉన్నాయి. యుద్ధాలు పెట్టమన్నారు, పెట్టలేదు. కలప, రాయి, పశువులు చేర్చమన్నారు. రాయి చేర్చి వారం తరువాత తీసేశాను. మూడు వనరులుంటే ఒకదానికొకటి తూచి చూసుకోవలసిన జతలు మూడు, ఆరు వనరులైతే పదిహేను. అంత చిన్న తెర మీద పదిహేను సంబంధాలు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. పరిష్కారాన్ని సూచించే ప్రతి వ్యాఖ్య వెనుకా ఒక ఇబ్బంది ఉంటుంది. దాన్ని మాత్రం రాసుకున్నాను. రాయి అడిగినవారికి నిజానికి కావలసింది భక్తిని ఖర్చు చేసే మరో దారి. అలుగు వచ్చాక వాళ్ళు రాయి మాట ఎత్తలేదు.

మరో విషయం: లుడమ్ డేర్ వంటి పోటీల్లో అభిప్రాయాలు రాసేవారిలో ఎక్కువ మంది తామూ ఆట తయారుచేసి పంపినవారే. ఒక్కొక్కరు ఎన్నో ఆటలు ఆడి నక్షత్రాలు ఇవ్వాలి, మీ ఆటకు దక్కేది కొద్ది నిమిషాలే. వాళ్ళ మాటలను మొదటి ఐదు నిమిషాల గురించి వచ్చిన సాక్ష్యంగా తీసుకోండి, ఆ మేరకు అవి ఎంతో విలువైనవి. పది నిమిషాల తరువాత ఏమవుతుందో తెలియాలంటే ఇంట్లోవారినో పక్కింటివారినో కూర్చోబెట్టండి. ఆడుతున్నంతసేపు నోరు మెదపకండి. అయిపోయాక బాగుందా అని అడగకండి, “ఊరు ఎందుకు ఖాళీ అయిందనుకుంటున్నారు?” అని అడగండి.

మీరు పెట్టిన ఆటను నిన్న రాత్రి మూడుసార్లు ఆడాను. విశ్వాసంతో కొనే అద్భుతం ఆహారాన్నే ఇస్తోంది, అంటే మీదీ నా పాత చక్రమే. రెండుసార్లు నాలుగో నిమిషానికల్లా ఊరు ఖాళీ అయింది, మూడోసారి ఆరో నిమిషం నుంచి నేను మౌస్ ముట్టుకోకుండానే గెలిచాను. ఓడిన రెండుసార్లూ జనాభా 9కి దిగాక మళ్ళీ లేవలేదు. మీరు మొదట ఇచ్చే జనాభా 10. ముందు ఆ రెండు అంకెల మధ్య ఏం జరుగుతోందో లెక్క కట్టండి.