రాత్రి పడుకుంటే గుండెల్లో మంట... పఖాళ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 44. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏడాదిగా రాత్రి పడుకోగానే గుండెల్లో మంట మొదలవుతోంది, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయి. మావారు కొట్టు కట్టేసి వచ్చేసరికి పది దాటుతుంది. ఆయనకు వడ్డించాక నేనూ తిని, వంటిల్లు సర్ది, పదకొండుకల్లా పడుకుంటాను. వేసవిలో మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన అన్నం) తిని కాసేపు నడుం వాలుస్తాను. ఆ పులుపు వల్లే మంట, మానెయ్యమని మా అత్తగారు అంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన గ్యాస్ మాత్ర రోజూ టిఫిన్ అయ్యాక వేసుకుంటున్నా తగ్గడం లేదు. మోకాళ్ల నొప్పికి కూడా తరచూ మాత్రలు వాడుతుంటాను. తిండిలో ఏం మార్చుకోవాలి?

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఏం తింటున్నారన్న దానికంటే ఎప్పుడు తింటున్నారు, తిన్నాక ఏం చేస్తున్నారు అన్నవే ఇక్కడ ముఖ్యమని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

అన్నవాహిక పొట్టలోకి దిగేచోట ఉంగరంలాంటి కండరం ఒకటి ఉంటుంది. ముద్ద దిగగానే అది బిగుసుకోవాలి. అది వదులైనా, పొట్ట మరీ నిండుగా ఉన్నా లోపలి ఆమ్లం పైకి తంతుంది. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు ఆ ఆమ్లం కిందికే జారుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆ వీలుండదు. నిండు భోజనం చేసి అరగంటకే పడుకుంటున్నారు కాబట్టి మంట సరిగ్గా ఆ వేళకే వస్తోంది. తినగానే వంగి గచ్చు తుడవడం, చీర కింద లంగా బొందు బిగించి కట్టుకోవడం కూడా పొట్టను నొక్కుతాయి. బొందు కాస్త వదులు చేసుకోండి. వంగి చేసే పనులు భోజనానికి ముందే ముగించండి.

ఇక పఖాళ సంగతి. ఏటా మార్చి 20న పఖాళ దినం జరుపుకునే రాష్ట్రంలో ఉన్నవారిని ఊరికే అది మానెయ్యమని చెప్పను. పొట్టలో ఊరే ఆమ్లంతో పోలిస్తే గంజి పులుపు చాలా తక్కువ. గిన్నెనిండా నీళ్లతో సహా తాగేసి, పొట్ట బరువెక్కాక నడుం వాల్చడంతోనే చిక్కు. రాత్రి జరుగుతున్నదే మధ్యాహ్నమూ జరుగుతోంది. సగం గిన్నె తినండి, ఎక్కువ పులవనివ్వకండి, కునుకు వస్తే కుర్చీలో వెనక్కి ఆనుకుని తీయండి. పక్కన నంజుకునే వేయించిన ఎండుచేప, వడియాలు, పచ్చిమిరప, ఉల్లిపాయ తగ్గించి చూడండి. నూనె ఎక్కువైతే పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ఇంత చేసినా పఖాళ తిన్న రోజే మంట వస్తుంటే, అప్పుడు అత్తగారి మాట మీ ఒంటికి సరిపోయినట్టే, మానేయండి.

పడకకు, భోజనానికి మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. అంటే మీరు ఎనిమిదింటికల్లా తినేయాలి. ఆయన తినకుండా ముందు తినడమేమిటని మొహమాటపడతారని తెలుసు. ఈ జవాబు ఆయనకే చదివి వినిపించండి. ఆయన వచ్చాక వడ్డించి పక్కన కూర్చోండి, మళ్లీ ఏమీ తినకండి. రాత్రికి బొప్పాయికాయ, గుమ్మడి, అరటికాయ వేసి తక్కువ నూనెతో వండే పప్పుకూర డాల్మా మంచిది. దాంతో కొద్దిగా అన్నమో, రెండు చపాతీలో చాలు. చింతపండు పులుసు, టమాటా, ఆవకాయ మధ్యాహ్నానికి మార్చుకోండి. సాయంత్రం బజ్జీలు, పకోడీల బదులు నూనె కలపని మురీలు (మరమరాలు) తినొచ్చు. మంట తగ్గుతుందని పడుకునే ముందు పాలు తాగుతారు చాలామంది. కాసేపు హాయిగానే ఉంటుంది గానీ తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. ఖాళీ కడుపున టీ, కూల్‌డ్రింకులు వద్దు. జర్దా కిళ్లీ, గుడాకు, ఖైనీ అలవాటున్న పాఠకులు ముందు వాటిని వదిలేయాలి, పొగాకు ఆ కండరాన్ని సడలిస్తుంది. నడుము చుట్టూ బరువు ఉంటే, కొద్దిగా తగ్గినా మంటలో తేడా తెలుస్తుంది.

మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తండి. ఊరికే రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుంది, పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. నేల మీద పడుకుంటే బొంతలు మడిచి నడుము పైభాగమంతా వాలుగా ఉండేలా వేసుకోండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మరీ మంచిది.

మాత్రల విషయంలో రెండు తప్పులు సరిదిద్దాలి. మీరు వేసుకునేది ప్యాంటోప్రజోల్ రకమే అయితే, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి మళ్లీ చూపించుకోవాలి, షాపులో అడిగి ఏడాదిపాటు కొనసాగించకూడదు. ఒక్కసారిగా ఆపేస్తే మంట ఎక్కువ కావచ్చు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోండి. మోకాళ్లకు వాడేది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదైతే పొట్టలో పుండుకు, రక్తస్రావానికి కారణం కావచ్చు. ఆ అట్ట డాక్టరుకు చూపించి వేరే మాత్ర రాయించుకోండి.

నడిచినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉన్నా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఇలా మంటలాగే మొదలవుతుంది. మీకు అలాంటిదేమీ లేకపోయినా ఒకసారి ఈసీజీ తీయించుకోండి.

ముద్ద గొంతు దిగక అడ్డం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మలం నల్లగా రావడం, వాంతిలో రక్తం... వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకుండా, పైన చెప్పినట్టు నడుచుకుని, మాత్ర సరైన వేళకు వేసుకుని ఎనిమిది వారాలైనా మంట తగ్గకపోతే బరంపురంలోగానీ శ్రీకాకుళంలోగానీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వ్యాధుల డాక్టరును) కలవండి. ఎండోస్కోపీ చేయించాలో లేదో ఆయన చూసి చెబుతారు.